అత్త పోపులడబ్బాలో ఎన్నార్వీ

మా మేనత్త సమ్మక్కను చూడటానికి బచేలీ వెళ్ళినప్పుడల్లా ఆమె నాకు ఏదో ఒక పని పురమాయిస్తుంది. ఊరికే కూర్చోబెట్టి టీ ఇస్తే నేను మాట్లాడటం మొదలుపెడతాననీ, మొదలుపెడితే ఆపననీ ఆమె భయం. మొన్న వెళ్ళినప్పుడు అలమర పైనుంచి పోపులడబ్బా దించి లవంగాలు తియ్యమంది. మూత తీశాను. ఆవాలు, జీలకర్ర, మెంతులు ఎవరి గిన్నెలో వాళ్ళు బుద్ధిగా కూర్చున్నారు. లవంగాల గిన్నెలో మాత్రం వాటి మధ్య చిటికెనవేలి కణుపంత ఇత్తడి ముక్క ఒకటి పడుకుని ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. లోపల చిన్న గుండు టిక్కుమంది.

“ఏంది అత్తా, ఈ మధ్య పోపుల ఇత్తడి కూడ వేస్తున్నవా?”

“అది మీ మావ సొమ్ము. ఎక్కడ పెట్టినా ఈ ఇంట్ల చెత్త అనుకొని ఊడ్చేస్తరు. పోపులడబ్బాల చెయ్యి పెట్టేది నేనొక్కదాన్నే. లవంగాలు తియ్యమంటే కత చెప్తవేందిరా?” అంది, కథ నేనింకా మొదలుపెట్టకముందే.

తరవాత మొదలుపెట్టాను గానీ పూర్తి చెయ్యనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కాగితం నాకు లవంగాల పని చెప్పదు.

ఆ ఇత్తడి ముక్కను మా మావ ఎన్నార్వీ అనేవాడు. ఆయన ఫిట్టరుగా చేసిన ఇనుప గనుల్లో, ప్లాంటులో అందరూ అదే మాట అంటారు. నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్ళను ఒకవైపే పోనిచ్చి వెనక్కి రానివ్వని వాల్వు. లోపల ఒక గుంట, గుంట మీద ఒక గుండు. కింది నుంచి నీళ్ళు తోస్తే గుండు లేచి దారి ఇస్తుంది. పైనుంచి నీళ్ళు తిరిగి రాబోతే, ఆ తోపుకే గుండు గుంటలో కూర్చుని దారి మూసేస్తుంది. స్ప్రింగు లేదు, కరెంటు లేదు, కాపలాదారు లేడు. దొంగే వచ్చి తలుపు గొళ్ళెం పెట్టి పోయినట్టన్నమాట. ప్లాంటులో ఇవి మనిషి దూరేంత ఉంటాయి. మావ చేసినవి చీమలు దూరేంత ఉండేవి. ఎందుకంటే ఆయన చేసేవి ఆవిరి ఇంజన్లు, కానీ మన రోలంత ఎత్తువి.

నేను ఆ ఇంటికి చేరేసరికి నాకు మీసాలు వచ్చాయి, చదువు పోయింది. చదువును నేనే వదిలేశానని మా ఊరు కోంటాలో అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి తొమ్మిదో తరగతే నన్ను వదిలించుకుంది. ఇంట్లో కూర్చుని అందరి మీదా జోకులు వేస్తున్నానని మా నాన్న నన్ను సుక్మా మీదుగా పోయే బస్సెక్కించి, ఆ గనుల ఊరు కిరందుల్‌లో తన చెల్లెలి క్వార్టరుకు పంపాడు. అక్కడ రెండు తెలుగులు ఒకే పొయ్యి మీద ఉడికేవి. అత్తది మా కోంటా తెలుగు. ఆమె భర్త సింహాచలం మావ విజయనగరం వైపు నుంచి రైలెక్కి కొండ మీదికి వచ్చినవాడు. ఆమె ‘ఏంది’ అంటే ఆయన ‘ఏటి’ అనేవాడు. ఆమె ‘మంచిగ చెయ్యి’ అంటే ఆయన ‘బాగానే సేస్తన్నాను కదేటి’ అనేవాడు. పక్క క్వార్టర్ల వాళ్ళతో హిందీ, కూరగాయలు తెచ్చే వాళ్ళతో అక్కడి భాష హల్బీ. పోట్లాట మాత్రం స్వచ్ఛమైన తెలుగులో, ఎవరి జిల్లాది వాళ్ళది.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. పంపు స్టవ్ కిరసనాయిలు, గోరువెచ్చని ఇత్తడి రజను, వాటి మీద తేలుతూ ఏలకులు. అన్నిటి మీదా ఎర్ర దుమ్ము. ఇనుప కొండ కింద ఉన్న ఊరు మరి. కిటికీ అంచు మీద, దండెం మీద, దేవుడి పటం మీద, పెరుగు మూత మీద ఎర్రగా కూర్చునేది. ఆ ఊళ్ళో తెల్లచొక్కా అనేది కొన్న రోజు వరకే. అత్త పొద్దున్న తుడిచిన కిటికీ మీద సాయంత్రం వేలితో పేరు రాసుకోవచ్చు. నేను రాసేవాణ్ణి కూడా. ఆమె పేరు రాసి కింద ‘తుడవబడును’ అని రాస్తే చీపురు తిరగేసి వెంటపడింది.

మావ ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చాక కాళ్ళు కడుక్కుని, దారంతో చెవులకు కట్టుకున్న కళ్ళజోడు పెట్టుకుని పెరట్లో పీట వేసుకునేవాడు. అణకువ అనేది ఆయన ఒంటికి పడని వస్తువు. “అల్లుడూ, ఈ కొండ మీద ఇలాటి పని సేసేవోడు ఇంకోడుంటే సూపించు, ఆడి కాళ్ళకి దండమెట్టి ఇంటికెల్లిపోతాను” అనేవాడు. “ఉంటే నువ్వు చూడవు మావా, కళ్ళజోడు తీసేస్తావు” అనేవాణ్ణి. కానీ ఆ గొప్పలన్నీ చేతుల్లో పని మొదలయ్యేదాకానే. ఇత్తడి కడ్డీ పట్టుకున్నాక ఆయన ఊపిరి కూడా అడిగి పీల్చేవాడు. మధ్యాహ్నం అన్నం వేళ ఫోర్‌మన్ మిశ్రాజీని అడిగి వర్క్‌షాపు లేతు మీద ముక్కను తిప్పించుకుని తెచ్చేవాడు. కింద సన్న రంధ్రం, పైన వెడల్పు రంధ్రం, రెండూ కలిసేచోట చదునైన చిన్న అంచు. ఆ అంచు మీద గుండు పెట్టి, దాని మీద కడ్డీ ఆనించి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ. రెండోది కొట్టకూడదు. ఆ దెబ్బకు ఇత్తడి అంచు గుండు ఆకారాన్ని నేర్చుకుంటుంది. దెబ్బ తిన్న గుండును పారేసి, లోపల కొత్తది వేస్తాడు.

తరవాత పరీక్ష. దానికి గేజీ లేదు, నాలుకే గేజీ. వాల్వును నిలబెట్టి కింది రంధ్రాన్ని నాలుక మీద పెట్టుకుని పీల్చాలి. గుంట సరిగ్గా ఉంటే గుండు బిగుసుకుని, తల వంచి చెయ్యి వదిలినా ఇత్తడి ముక్క నాలుకకు జలగలా పట్టేసి వేలాడుతుంది. వేలాడినంతసేపు వాల్వు మంచిది. జారిందా, మళ్ళీ పీట, మళ్ళీ సుత్తి. మావ పెరట్లో నాలుక బయటపెట్టుకుని కదలకుండా కూర్చుంటే పక్క క్వార్టర్ బిహారీ పిల్లలు గోడెక్కి దండం పెట్టేవాళ్ళు, కాళీమాత అని.

ఇంతకీ ఇంత తపస్సు ఎందుకంటే, ఆ ఇంజను బాయిలరు మా అత్త రాగిబిందె. పెళ్ళికి వాళ్ళమ్మ ఇచ్చింది. అడుగున చిల్లు పడిందని మావ అంటాడు, పడలేదని అత్త అంటుంది. ఏదైతేనేం, నేను రావడానికి ముందే, ఆమె పురిటికి కోంటా వెళ్ళి పాపతో తిరిగొచ్చేసరికి బిందె అడ్డంగా పడుకుని, లోపల కడ్డీలు వేయించుకుని, నెత్తిన ఆవిరి వదిలే బుడిపె పెట్టుకుని బాయిలరైపోయింది. అత్త దాన్ని చూసి ఏడవలేదట, అరవలేదట. చేత్తో నిమిరి, “మంట మీద నీళ్ళు లేకుండ ఒక్కసారి మాడనిచ్చినవంటే, నేను పాపను తీసుకొని మా అన్న ఇంటికి పోత. మళ్ళ రాను” అందట. ఆమె జోకులు వేసే మనిషి కాదు. ఆ ఇంట్లో ఆ శాఖ నాది.

నీళ్ళు అడుగంటితే మంటకు అతుకులు కరిగిపోతాయి, బిందె బిందె కాకుండా పోతుంది. మంట ఆర్పకుండా, లోపల ఆవిరి బుసకొడుతుండగానే చేతిపంపుతో నీళ్ళు ఎక్కించాలి. ఆ పంపుకీ బిందెకీ మధ్య ఉండేదే ఈ ఎన్నార్వీ. అది కారితే ఎక్కించిన నీళ్ళు ఎక్కించినట్టే వెనక్కి వస్తాయి. అంటే మా అత్తామావల కాపురం ఒక గుండు మీద కూర్చుని ఉండేది.

విశ్వకర్మ పూజ వచ్చిందంటే ఆ ఊళ్ళో ప్రతి సెక్షనుకూ పందిరి. మావ సెక్షన్ పందిట్లో విగ్రహం వెనక చక్రం తిరిగేది. దాన్ని తిప్పేది మావ ఇంజను. పూజ మొదలైంది మొదలు హారతి దాకా తిరగాలి. నేను వెళ్ళడానికి ముందు ఏడాది అది మధ్యలో ఆగిపోయిందట. సైకిలు బేరింగులోని ఉక్కు గుండు వేశాడు. నీళ్ళలో నాని తుప్పు పొక్కులు లేచి, గుంటలో కూర్చోనంది. పంపు నొక్కి వదిలితే, పిడి దానంతటదే పైకి లేచి మావను వెనక్కి నెట్టిందట. బిందె మాడకుండా మంట ఆర్పేశాడు. దేవుడి వెనక చక్రం ఆగింది. మిశ్రాజీ మంచివాడే, కోప్పడలేదు. “సింహాచలం భాయ్, అగ్‌లే సాల్ మోటర్ లగా లేంగే” అన్నాడు, అంటే వచ్చే ఏడాది కరెంటు మోటారు. ఆ మెత్తటి మాటకు మావ క్యాంటీనుకు పోవడం మానేశాడు. కాళ్ళావేళ్ళా పడి ఇంకొక్క ఏడాది అడిగాడు. ఇచ్చారు. ఆ ఏడాదే నేను దిగాను.

ఈసారి తుప్పు పట్టని గుండు సంపాదించాడు. దెబ్బ కొట్టాడు, పీల్చాడు. వాల్వు నాలుకను పట్టుకుంటుంది, కాసేపటికి జారిపోతుంది. కొత్త ముక్క, కొత్త దెబ్బ. అదే వరస. పీట చుట్టూ ఇత్తడి ముక్కలు కుప్ప పడ్డాయి. “గుంట నున్నగా నేదల్లుడూ. వెంట్రుకలో సగమంత గీత ఎక్కడో ఉన్నాది. దాన్ని మెరుగు పెట్టాలి. కంటికి ఆనని పొడి కావాల” అన్నాడు. దుకాణంలో దొరికే, వాల్వులు అరగదీసే మైనం వేసి చూస్తే గీత పోయి గుంతలు పడ్డాయి. అది లారీ ఇంజన్లకు పనికొచ్చే సరుకు.

ఆ సమయంలో అత్త పక్కనే పూజకు తీఖుర్ తేరబెడుతోంది. తీఖుర్ అంటే అడవి దుంపల పిండి, మన పాలగుండ. సంతలో కొన్నదాంట్లో ఇసుక ఉంటుందని ఆమె నమ్మకం. నీళ్ళలో కలియబెట్టి, కాస్త ఆగి, ఇసుక అడుగు పట్టగానే పై తెల్లనీళ్ళను ఇంకో గిన్నెలోకి వంచుతుంది. ఆ నీళ్ళు కదలకుండా ఉంచితే సన్నపిండి అడుగున పేరుకుంటుంది. దాన్ని చిటికెడు తీసి పంటి కింద పెట్టుకుంటుంది. కరకరమంటే మళ్ళీ మొదటికి.

నాకు నోరు ఊరుకోదు కదా. “మావా, నువ్వు పొడి పొడి అని ఏడుస్తున్నవు, అత్త కిటికీ మీద కొండంత ఉంది. అత్తకిస్తే దాన్ని కూడ తీఖుర్ చేసి పెడతది” అన్నాను.

మావ నవ్వలేదు. కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. “మా ఊళ్ళో కంసాలి ఎర్రపొడితోనే కదురా బంగారం మెరుగెట్టేవోడు” అని లేచి, కిటికీ అంచు మీద వేలు రాసి చూసుకున్నాడు. “సమ్మక్కా!”

“ఏంది?”

“ఈ దుమ్ము తేరబెట్టి పెట్టు.”

“మీకిద్దరికీ ఎండ దెబ్బ తగిలిందా? దేవునికి పెట్టే పిండి పక్కన కిటికీ దుమ్మా?”

“నీ బిందెకేనే, సమ్మక్కా.”

ఆ మాటతో ఆమె కొంగు దోపుకుంది. ఇంట్లోని కిటికీలన్నీ బ్రష్షుతో ఊడ్చి, పాత స్టీలు గిన్నెలో కలిపింది. రోజూ తిట్టుకుంటూ తుడిచే దుమ్మును ఆమె అంత మర్యాదగా పట్టుకోవడం అప్పుడే చూశాను. వంచింది, ఆగింది, వంచింది. ప్రతిసారీ ముతక అడుగున మిగిలేది, ఎర్రనీళ్ళు ముందుకు పోయేవి. చివరి గిన్నె అడుగున మిగిలింది పొడి కాదు, వెన్న. కుంకుమ రంగు వెన్న. ఆమె దాన్ని వేలికి రాసుకుని పంటి కింద పెట్టి కళ్ళు మూసుకుంది. “ఇంకోసారి వంచాలె” అంది. మళ్ళీ వంచింది, మళ్ళీ కొరికింది, తల ఊపింది. పళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను పాన్ జోకు ఒకటి నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. నా జీవితంలో మింగిన జోకులు తక్కువ.

మావ పుల్లకు గుండు అతికించి, దానికి ఆ వెన్న రాసి, గుంటలో పెట్టి రెండు వేళ్ళ మధ్య తిప్పాడు. బరువు వేయలేదు. నిద్రపోయే పాప చెవిలో పుల్ల తిప్పుతున్నంత భయంగా తిప్పాడు. కిరసనాయిలుతో కడిగి, కొత్త గుండు వేసి, నాలుక మీద పెట్టుకుని పీల్చాడు. వాల్వు వేలాడింది. అత్త అన్నం వార్చి వచ్చింది, ఇంకా వేలాడుతోంది. పక్కింటి పిల్లలు దండం పెట్టి, విసుగొచ్చి గోడ దిగిపోయారు. మావ ఏదో గొప్ప చెప్పబోతున్నాడని కళ్ళల్లో తెలుస్తోంది గానీ నాలుక ఖాళీ లేదు. ఆ మనిషి గొప్ప చెప్పుకోకుండా గెలిచింది ఆ ఒక్క పూటే.

పూజ రోజు. మావ ఇంజనును తుడిచి, విగ్రహం పక్కనే బల్ల మీద పెట్టాడు. వాల్వు నిటారుగా, గుండు గుంట మీద సరిగ్గా పడేలా బిగించాడు. పక్కన రాగిచెంబులో కాచి వడకట్టిన నీళ్ళు పెట్టాడు, పంపు లాక్కునేందుకు. అందులో చిన్న నలుసు పడినా గుండు కింద చేరి కొంప ముంచుతుందని మూత కూడా పెట్టాడు. నన్ను స్టవ్‌కు కిరసనాయిలు పొయ్యమని, తను కొత్త చొక్కా వేసుకోవడానికి పక్కకు వెళ్ళాడు. తిరిగొచ్చి మంట పెట్టి, ఆవిరి లేచి, చక్రం కదిలి, ‘విశ్వకర్మ భగవాన్ కీ జై’ అని అందరూ అరిచాక, నీళ్ళు ఎక్కిద్దామని చెంబు వైపు చూశాడు.

చెంబు నోట్లో మామిడాకులు. వాటి మీద కొబ్బరికాయ. చుట్టూ పసుపు, కుంకుమ. లోపల అక్షింతలు, పువ్వుల రేకలు, తమలపాకు తొడిమలు. విగ్రహం పక్కన బల్ల మీద రాగిచెంబు నిండా నీళ్ళు కనిపిస్తే ఏ పూజారి మాత్రం ఏమనుకుంటాడు? కలశం అనుకుని, మేం స్టవ్ మీదికి వంగి ఉండగా అలంకరించేశాడు. ఆవాహన కూడా అయిపోయిందట.

ఆ నీళ్ళు పారబోస్తామంటే పందిట్లో ఎవరూ ఊరుకోరు. వేరే నీళ్ళు తేవాలంటే దగ్గర్లో ఉన్నది డ్రమ్ము, అందులో ఎర్ర బురద. బిందెలో నీటిమట్టం దిగుతోందని దాని పక్కన బిగించిన గాజుగొట్టం చూపిస్తూనే ఉంది. మిశ్రాజీ చేతులు జోడించి, “అరే, భగవాన్ కా జల్ హై, శుభ్ హోగా, డాలో డాలో” అంటున్నాడు, దేవుడి నీళ్ళేగా, పోసెయ్యమని. శుభం సంగతి గుండుకు తెలుసా? మావ చెయ్యి స్టవ్ వైపు వెళ్ళింది, మంట ఆర్పడానికి. ఆర్పితే బిందె బతుకుతుంది, చక్రం ఆగుతుంది. వచ్చే ఏడాది నుంచి మోటారు.

ఆడవాళ్ళ వైపు నుంచి అత్త వచ్చింది. పూజకని కొన్న కొత్త చీర, ఇంకా మడతల గీతలు పోలేదు. ఎవరినీ అడగలేదు. కొంగు పళ్ళతో కొరికి, పర్రున చింపింది. ఆ ముక్కను నాలుగు మడతలు వేసి, పంపు నీళ్ళు లాక్కునే గొట్టం మూతికి చుట్టి, జడకున్న దారం లాగి కట్టింది. కలశానికి దండం పెట్టి, కొబ్బరికాయ కదలకుండా ఆకుల పక్క నుంచి గొట్టాన్ని లోపలికి దింపింది. దించి, “కొట్టు” అంది.

మావ పిడి నొక్కాడు. నీళ్ళు వెళ్ళాయి. వాల్వులో గుండు టిక్కుమని లేచింది, టిక్కుమని కూర్చుంది. ఇప్పుడు అసలు సంగతి. మావ పిడి మీది నుంచి చెయ్యి తీసేశాడు. కారితే అది దానంతటదే పైకి లేవాలి. ముగ్గురం పిడినే చూస్తున్నాం. పందిట్లో గంటలు, శంఖం, ఎవరి భక్తి వాళ్ళది. మా దేవుడు ఆ పిడే.

అది కదల్లేదు.

హారతి దాకా చక్రం తిరిగింది, హారతి తరవాతా తిరిగింది. ప్రసాదంలో అత్త తీఖుర్ ముక్కలు పంచుతుంటే మిశ్రాజీ రెండు తీసుకున్నాడు. మోటారు మాట మళ్ళీ ఎత్తలేదు. గొట్టం విప్పితే చీరముక్క పచ్చగా, మధ్యలో నాలుగు అక్షింతలతో ఉంది. “నా ఎన్నార్వీ కోసం కొత్త సీర సింపేసినావా సమ్మక్కా” అని మావ ఆ ముక్కను చేతుల్లోకి తీసుకున్నాడు. “నీ ఎన్నార్వీ ఎవరికి కావాలె? నా బిందె కోసం” అంది. కానీ మరుసటి ఏడాది పూజకు ఆ కొంగు చిరిగిన చీరే కట్టుకుని వచ్చింది, చిరుగు అందరికీ కనబడేలా ముందుకు వేసుకుని. మావ చెప్పుకున్న గొప్పలన్నీ కలిపినా ఆ చిరుగంత లేవు.

నేను ఆ పెరట్లోనే పని నేర్చుకుని, తరవాత కిరందుల్ బజార్లో పంపుల రిపేరు కొట్టు పెట్టాను. ఇప్పుడు ఎన్నార్వీలు ప్లాస్టిక్ సంచీల్లో డజన్ల లెక్కన వస్తాయి. వాటిని తిట్టను. అమ్ముకుంటున్నవాణ్ణి, పైగా బాగానే పని చేస్తాయి. పాడైతే పారేస్తారు, గుంటలో ఏముందో ఎవరూ చూడరు, చూడాల్సిన పనీ లేదు. ఆ వాల్వు నాలుక మీద వేలాడిన పూట మా పెరట్లో మనుషులు నిలబడ్డట్టు, ఒక వస్తువు చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడటం మాత్రం మళ్ళీ చూడలేదు. మావ పోయాడు, అత్త క్వార్టరు వదిలి బచేలీ చేరింది. ఇంజను సెక్షన్ వాళ్ళే అద్దాల పెట్టెలో పెట్టుకున్నారు, విప్పి శుభ్రం చేసేటప్పుడు వాల్వు ఒక్కటి అత్త అడిగి తెచ్చుకుందట. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోలేదు. అత్త కిటికీ అంచు మీద మొన్న కూడా ఉంది.

ఆ రోజు ఇవన్నీ నేను లవంగాల గిన్నె పట్టుకుని ఆమెకే చెప్పసాగాను. ఆమెకు తెలియనట్టు. కిటికీ దగ్గరకొచ్చి, పూజారి దగ్గరకొచ్చి, ఆమె కొంగు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యెత్తింది.

“అది ఇంకా పని చేస్తదా?”

“ఇన్నేళ్ళయింది అత్తా, లోపల గుండు ఉందే గొప్ప...”

“పీల్చి చూడు.”

కడుక్కుని, నిలబెట్టి, కింది రంధ్రం నాలుక మీద పెట్టుకుని పీల్చాను. లవంగం ఘాటు, ఇత్తడి చేదు. చెయ్యి వదిలేశాను. వేలాడింది. అత్త నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పాలు పొంగబోతే లేచి దించి వచ్చి మళ్ళీ కూర్చుంది. నాకు ఆమెతో చాలా చెప్పాలని ఉంది. మావ ఉండుంటే ఏమనేవాడో చెప్పాలని ఉంది. నాలుక ఖాళీ లేదు, కళ్ళు మాత్రం కారుతున్నాయి.

అత్త చీర కొంగుతో నా మొహం తుడిచి, “మంచిగ చేసిండు మీ మావ” అంది. మావ బతికుండగా ఆ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదు. “నీ నోరు ఇంతసేపు మూయించినోడు ఇంకొకడు లేడు.”

అప్పటికీ అది జారలేదు.